హెచ్ఐవి మందు విఫలం కానున్నదని ముందే తెలిసేదెలా?

న్యూఢిల్లీ: హెచ్ఐవి రోగికి మందు పనిచేయడం మానిన రోజు సాధారణంగా ఏ లక్షణమూ కనిపించదు. రక్తంలో వైరస్ మళ్లీ పెరగడం మొదలైన చాలా నెలలకు గాని రోగనిరోధక శక్తి సన్నగిల్లదు. మన దేశంలో చికిత్సా కార్యక్రమం చాలాకాలం ఈ రెండవ దశను చూసి మొదటిదాన్ని ఊహించవలసి వచ్చింది.

ప్రభుత్వం 2004 ఏప్రిల్ 1న ఉచిత చికిత్సను ప్రారంభించినప్పుడు ప్రధాన ఆధారం సిడి-4 కణాల లెక్క. ఆ సంఖ్య చికిత్సకు ముందున్న స్థాయికి పడిపోయినా, గరిష్ఠ స్థాయిలో సగానికి తగ్గినా మందు విఫలమైనట్లు అనుమానించేవారు. వైరస్ పరిమాణాన్ని నేరుగా కొలిచే వైరల్ లోడ్ పరీక్ష ఖరీదైనది కావడంతో దానిని అనుమానితులకే పరిమితం చేశారు. ఇది చేతులు కాలాక ఆకులు పట్టుకున్న చందమే. పైగా కొందరిలో వైరస్ అదుపులో ఉన్నా కణాలు పెరగవు. అటువంటి వారికి పనిచేస్తున్న మందునే మార్చే ప్రమాదం ఉంది. మరికొందరిలో కణాలు నిలకడగా ఉండగానే వైరస్ మందుకు లొంగని రూపం దాలుస్తుంది. నాడు విరివిగా వాడిన లామివుడిన్, నెవిరపిన్ వంటి మందులను ఎదుర్కోవడానికి వైరస్‌లో ఒక్క మార్పు చాలు. అవే మందులు నెలల తరబడి కొనసాగితే మార్పులు పేరుకుని, తర్వాత ఇవ్వవలసిన రెండో శ్రేణి మందుల బలం కూడా తగ్గుతుంది.

వైరల్ లోడ్‌కే ప్రాధాన్యమివ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సిఫారసు చేసింది. భారత్‌లో రోగులందరికీ ఆ పరీక్ష 2018 ఫిబ్రవరిలో మొదలైంది. మిల్లీలీటరు రక్తంలో వైరస్ ప్రతులు 1,000 దాటితే కౌన్సెలింగ్ ఇచ్చి, సుమారు మూడు నెలలకు మళ్లీ పరీక్షిస్తారు. అప్పటికీ తగ్గకపోతే వైఫల్యంగా నిర్ణయిస్తారు.

అయితే ఇదీ జరిగినదానిని చెప్పే పరీక్షే. జరగబోయేదానికి సూచన మందులిచ్చే బల్ల దగ్గరే దొరుకుతుంది. రోగి మాత్రలకు గడువు తేదీన వచ్చాడా లేదా అన్న లెక్క, రాబోయే వైఫల్యాన్ని సిడి-4 కంటె కచ్చితంగా సూచించినట్లు ఆఫ్రికా ఖండపు దక్షిణ ప్రాంత దేశాల రోగులపై 2008లో వెలువడిన అధ్యయనం తేల్చింది. దీనికి యంత్రం అక్కరలేదు, రిజిస్టరు చాలు. ఇటీవలి సంవత్సరాలలో వచ్చిన డోలుటెగ్రావిర్‌కు వైరస్ అంత తేలికగా ఎదురు నిలవలేకపోయినా, మాత్రలు ఆగితే అది పెరగక మానదు.

తేదీ తప్పడం ప్రతిసారీ రోగి దోషం కాదు. 2022లో మందుల కొరతను నిరసిస్తూ రోగులు ఢిల్లీలో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కార్యాలయం ఎదుట నెలకు పైగా ధర్నా చేశారు. దేశంలో నిల్వలు చాలినన్ని ఉన్నాయని ప్రభుత్వం అప్పట్లో ప్రకటించింది.