మూగజీవుల ముచ్చట్లు: “అన్నం తింటోంది గదా!”

మా క్లినిక్‌లో నేను ఎక్కువసార్లు విన్న మాట ఏదని ఎవరైనా అడిగితే తడుముకోకుండా చెప్పగలను. “అన్నం తింటోంది గదా డాక్టరుగారూ!” అన్నదే ఆ మాట. కుక్క పెదవి పైకెత్తి, గోధుమరంగు గార కట్టిన దవడ పళ్ళూ, ఎర్రగా ఉబ్బిన చిగుళ్ళూ చూపించి “దీనికి పంటినొప్పి ఉందమ్మా” అంటే వచ్చే జవాబు అది. తెలుగువారు తెలుగులోనూ, కన్నడంవారు కన్నడంలోనూ, అరవంవారు అరవంలోనూ ఇదే అంటారు. ఈ ఒక్క విషయంలో బెంగుళూరులో భాషాభేదం లేదు.

మనకి పన్ను నొప్పి వస్తే ఏం చేస్తాం? ఓ పూట పస్తుంటాం, లవంగం నొక్కిపెట్టుకుంటాం, ఇంట్లో అందరినీ విసుక్కుంటాం. కుక్కకి ఆ సౌకర్యం లేదు. దానికి ఆకలి ముందు, నొప్పి తర్వాత. నొప్పి ఉన్న పక్క వదిలేసి రెండో పక్క నములుతుంది, లేదా నమలకుండానే మింగేస్తుంది. మనం పెట్టే పెరుగన్నానికి పళ్ళతో పనేముంది? పిల్లి సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇంట్లోవాళ్ళకి తెలియకుండా నొప్పి దాచుకోవడంలో దాన్ని మించినది లేదు. అందుచేత గిన్నె ఖాళీ అయిందా లేదా అని కాకుండా ఎలా ఖాళీ అవుతోందో చూడండి. తల ఒక పక్కకి వంచి తింటోందా, ముద్ద నోట్లోంచి జారవిడుస్తోందా, ఇదివరకు కొరికే బొమ్మని ఇప్పుడు వాసన చూసి వదిలేస్తోందా అన్నవి గమనించండి. నోటి దుర్వాసన కుక్కకి సహజమే అనుకుంటారు చాలామంది. సహజం కాదు, అది చిగుళ్ళలో చీము పట్టిన వాసన.

ఈ సంగతులు మా చదువులో లేవా అంటే ఉన్నాయి, కానీ శస్త్రచికిత్స పాఠాల్లో ఓ మూల ఉన్నాయి. మేము పళ్ళ గురించి గట్టిగా నేర్చుకున్నది పశువు వయసు చెప్పడం. రెండు పళ్ళదా, నాలుగు పళ్ళదా, ఆరు పళ్ళదా అని సంతలో రైతు చూసే చూపే మాకు పరీక్షలో ప్రశ్న. ఆ రైతు మా కంటే బాగా చెప్పేవాడన్నది వేరే సంగతి. ఇంట్లో పెరిగే కుక్కకి 42 పళ్ళు, పిల్లికి 30 అని బట్టీపట్టి రాశాం. వాటిలో ఏ పంటికి ఎన్ని వేళ్ళున్నాయి, ఆ వేళ్ళు ఎముకలో ఎంత లోతుకి పోయాయి అన్నది చేత్తో నేర్చుకునే అవకాశం తక్కువ.

ఇతర దేశాల్లోనూ ఇది మరీ పాత విద్యేం కాదు. అమెరికాలో పశుదంతవైద్యాన్ని ప్రత్యేక విభాగంగా గుర్తించి నిపుణుల బోర్డు పెట్టింది 1988లో. ఐరోపాలో అలాంటిదే 1998లో వచ్చింది. అక్కడ నిపుణులమని చెప్పుకోవాలంటే పశువైద్యం డిగ్రీ అయ్యాక ఏళ్ళతరబడి ఆ ఒక్క విద్యలోనే శిక్షణ పొంది, రాతపరీక్షా చేతిపరీక్షా రెండూ నెగ్గాలి. అంత చదువు అందరికీ కుదరదు కనుక, నాలాగా వీధి మొగలో క్లినిక్ పెట్టుకున్నవాళ్ళ కోసం రెండుమూడు రోజుల శిక్షణ తరగతులు వచ్చాయి. ప్రపంచ చిన్నజంతువుల పశువైద్య సంఘం 2020లో అన్ని దేశాలకీ పనికొచ్చేలా దంతవైద్య మార్గదర్శకాలు కూడా ప్రచురించింది. కొన్నేళ్ళ కిందట అలాంటి ఓ తరగతిలో, తల నెరిశాక, మళ్ళీ విద్యార్థినై కూర్చున్నాను. నా పక్క కుర్రాడు నన్ను “సార్, మీరు పాఠం చెప్పడానికి వచ్చారా?” అని అడిగాడు కూడాను.

మొదటిరోజు పూర్వాహ్ణమంతా పన్ను పీకడం ఊసే లేదు, చూడడమే. మిల్లీమీటర్ల గీతలున్న సన్నని పుల్లలాంటి పరికరం ఉంటుంది, దాన్ని ప్రోబు అంటారు. దాన్ని పంటికీ చిగురుకీ మధ్య మెల్లగా దించి ప్రతి పంటి చుట్టూ లోతు కొలవాలి. కుక్కలో 3 మిల్లీమీటర్ల దాకా దిగితే ఫరవాలేదు. పిల్లిలో 1 మిల్లీమీటరు దాటితే అనుమానించాలి. ఒక్కో పంటికీ ఒక్కో అంకె, కొలిచింది కొలిచినట్టు కాగితం మీద ఎక్కించాలి. కరణంగారి లెక్కలా ఉంది గదా అనిపించింది. నలభై రెండు పళ్ళ లెక్క పూర్తయ్యేసరికి, నోరు తెరిచి చూసి “బాగానే ఉంది” అనెయ్యడం ఎంత తేలికో తెలిసింది.

ఆ తర్వాత ఎక్స్‌రే. పంటిలో మనకి కనిపించేది పైభాగం. కోరపంటి విషయంలో అయితే కనిపించేదానికంటే కనిపించనిదే పొడుగు. కాలిఫోర్నియాలో డేవిస్ విశ్వవిద్యాలయంవారు 1998లో ప్రచురించిన పరిశోధన ఒకటి ఉంది. పైకి ఏ లోపమూ కనిపించని పళ్ళకి కూడా ఎక్స్‌రే తీసి చూస్తే నూటికి సుమారు 28 కుక్కల్లోనూ, 42 పిల్లుల్లోనూ పట్టించుకోవలసిన జబ్బే బయటపడింది. పిల్లుల్లో పన్ను తనంతట తానే కరిగిపోయే జబ్బు ఒకటుంది. దాన్ని పూర్తిగా పీకాలా, పైభాగం కోసి వదిలెయ్యాలా అన్నది ఎక్స్‌రే చూడకుండా ఎవరూ చెప్పలేరు.

ఈ ఎక్స్‌రే తియ్యడం కూడా ఓ విద్యే. కింది దవడ పళ్ళయితే నాలుకకీ దవడకీ మధ్య పలకను దూర్చి తిన్నగా తియ్యొచ్చు. పై పళ్ళకి అంగిలి అడ్డం, అందుచేత ఏటవాలుగా తియ్యాలి. పొద్దున్న ఎండలో మన నీడ తాటిచెట్టంత సాగుతుంది, మధ్యాహ్నం కాళ్ళకింద ముడుచుకుంటుంది. పంటి నీడా అంతే. ఏ వాలులో కిరణం వేస్తే నీడ పంటంతే పడుతుందో చేతికి అలవాటయ్యేదాకా తీయించారు. నాకు ఏడోసారికి కుదిరింది. కుర్రాడికి మూడోసారికే.

రెండోరోజు పీకడం. సహజంగా చనిపోయిన కుక్కలవి, యజమానులు చదువు కోసమని ఇచ్చిన తలల మీద నేర్చుకున్నాం. కుక్క పై దవడలో మాంసం కోసే పెద్ద పన్ను ఒకటుంటుంది. దానికి మూడు వేళ్ళు, మూడూ మూడు దిక్కులకి. మూడు వేళ్ళున్న చెట్టుని ఒక్క లాగుతో పెరికితే ఏమవుతుంది? వేరన్నా తెగుతుంది, గట్టన్నా విరుగుతుంది. కనుక చిగురు తెరిచి, నీళ్ళు చిమ్మే రంపంతో పంటిని మూడు ముక్కలు చేసి, ఒక్కొక్క వేరునీ విడిగా తియ్యాలి. అందుకు వాడే పరికరం పేరు ఎలివేటరు. మీ అపార్టుమెంటులో ఉన్నది కాదు లెండి, సన్నని ఉలిలాంటిది. దాన్ని పంటికీ ఎముకకీ మధ్య దించి, కొద్దిగా తిప్పి, అలాగే పట్టుకుని నెమ్మదిగా పదో ఇరవయ్యో లెక్కపెట్టాలి. పంటిని పట్టి ఉంచే నారలు అలిసి తెగేదాకా ఓపిక పట్టడమే విద్య, బలం కాదు. బలం చూపిస్తే చిన్నజాతి కుక్కల్లో కింది దవడ ఎముకే విరుగుతుంది. అక్కడి పెద్ద దవడపంటి వేళ్ళు ఎముక అడుగుదాకా పోయి ఉంటాయి, చుట్టూ మిగిలేది పెంకంత ఎముక. ఇక పై కోరపంటికీ ముక్కు లోపలికీ మధ్య ఉన్నది మరీ పల్చని గోడ. అది చిల్లిపడితే కుక్క నీళ్ళు తాగిన ప్రతిసారీ తుమ్ముతుంది.

పిల్లి నోరు స్ప్రింగు క్లిప్పుతో బార్లా తెరిచి ఉంచకూడదని కూడా అక్కడే గట్టిగా చెప్పారు. అలా చేస్తే కంటికీ మెదడుకీ పోయే రక్తం నలిగి, పన్ను బాగు చేయించుకోడానికొచ్చిన పిల్లి గుడ్డిదై ఇంటికి వెళ్ళిన సందర్భాలున్నాయి.

ఇంత ఎందుకు చెబుతున్నానంటే, ఆ తరగతి అయిన కొద్ది వారాలకే అల్సూరు నుంచి ఓ పెద్దావిడ తొమ్మిదేళ్ళ పామరేనియన్‌ని ఒళ్ళో పెట్టుకుని ఆటోలో వచ్చారు. చిత్తూరు వైపు నుంచి వచ్చి యాభై ఏళ్ళుగా ఇక్కడే ఉన్న కుటుంబం. పిల్లలు దూరదేశాల్లో ఉన్నారు, ఇంట్లో ఆవిడా ఈ కుక్కా. దానికి కంటి కింద పుండు. నాలుగు నెలలుగా వేరేచోట మందులు వాడుతున్నారు. మందు వాడితే మానుతుంది, ఆపితే మళ్ళీ చీము. కంటి చుక్కలూ, పూతమందులూ ఓ సంచినిండా తెచ్చి బల్ల మీద పోశారు.

కంట్లో ఏమీ లేదు. పెదవి ఎత్తి చూస్తే నేను చెప్పిన ఆ పెద్ద పన్ను పక్కనించి పలకలా ఊడిపోయి ఉంది. ఆ పంటి వేళ్ళు సరిగ్గా కంటి కిందికి వస్తాయి. లోపల పట్టిన చీము దారి వెతుక్కుని చెంప మీద తేలింది. “ఎముకలు పెడుతున్నారా అమ్మా?” అంటే “ఆదివారం ఆదివారం మటన్ కొట్టాయన ఇస్తాడు నాయనా, పళ్ళకి బలమని” అన్నారు. పన్ను తియ్యాలన్నాను, మత్తు ఇవ్వాలన్నాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత “అన్నం తింటోంది గదా నాయనా” అన్నారు. ఆ తర్వాత, మెల్లగా, “మళ్ళీ లేస్తుందా?” అన్నారు. మొదటి మాట వెనక ఉన్నది ఈ రెండో మాటేనని అప్పుడు నాకు తెలిసింది. చాలామంది విషయంలో అంతే అనుకుంటాను.

రక్తపరీక్షలు చేశాం, గుండె చూశాం. మత్తు ఇచ్చి గొంతులో గొట్టం వేశాం, నోట్లో చిమ్మే నీళ్ళూ మురికీ ఊపిరితిత్తుల్లోకి పోకుండా. ఎక్స్‌రేలో రెండు వేళ్ళ చుట్టూ నల్లని వలయాలు కనిపించాయి. నరానికి మొద్దుబారే మందు కూడా వేశాం, లేచాక కొన్ని గంటలు నొప్పి తెలియకుండా. పంటిని మూడు ముక్కలు చేసి తీసి కుట్లు వేసేసరికి గంట దాటింది. సాయంత్రానికి లేచి ఆవిడ చీర కొంగు నాకింది. పది రోజులకి పుండు మూసుకుంది. ఆ తర్వాత కుట్లు చూపించడానికి వచ్చినప్పుడు ఆవిడ అన్న మాట ఇది: “పాలవాడొస్తే మళ్ళీ అరుస్తోంది నాయనా. ఏడాదిగా మానేసింది. ముసలిదైపోయిందిలే అనుకున్నాను.”

ఇప్పుడు మత్తు లేకుండా పళ్ళు శుభ్రం చేస్తామనేవారి గురించి. మన సంఘం ఉగాది సభలో నన్ను ఇద్దరు అడిగారు, చవకగా అవుతుందట గదా అని. అవుతుంది. కనిపించే గార గీకేస్తారు, పళ్ళు తెల్లగా మెరుస్తాయి. జబ్బు ఉండేది చిగురు కింద. మెలకువగా ఉన్న ఏ కుక్కా అక్కడ పరికరం పెట్టనివ్వదు. చెదపట్టిన గోడకి సున్నం వేసినట్టు ఉంటుంది ఆ పని. పైగా గీకిన పన్ను గరుకుగా ఉంటుంది, దాన్ని నున్నగా చెయ్యకపోతే పాచి ఇంకా తొందరగా పడుతుంది. డబ్బు లేకపోతే ఆర్నెల్లు ఆగి సరిగ్గా చేయించండి, ఈలోగా రోజూ పళ్ళు తోమండి.

తోమడానికి మనం వాడే పేస్టు వద్దు. అది ఉమ్మెయ్యడం కుక్కకి రాదు. కొన్నిటిలో తీపికి కలిపే జైలిటాల్ కుక్కకి విషం, రక్తంలో చక్కెర పడిపోతుంది, కాలేయం దెబ్బతింటుంది. కుక్కల పేస్టు దొరుకుతుంది, లేదంటే తడి గుడ్డ వేలికి చుట్టి రుద్దినా నయమే. పాచి రెండుమూడు రోజుల్లో గట్టిపడి గారవుతుంది గనుక వారానికోసారి తోమితే ప్రయోజనం తక్కువ. ఇక కొరకడానికి ఇచ్చే వస్తువు మీ బొటనవేలి గోరుతో నొక్కితే నొక్కుపడాలి. పడకపోతే అది పంటిని విరిచేంత గట్టిది. మటన్ ఎముకా, జింక కొమ్మూ ఈ పరీక్షలో తప్పుతాయి.

మీ డాక్టరుగారిని అడగడానికి మొహమాటపడకండి: పంటి ఎక్స్‌రే ఉందా, పీకేముందూ పీకాకా తీస్తారా, గొట్టం వేస్తారా, మత్తులో ఉన్నంతసేపూ గమనించడానికి రెండో మనిషి ఉంటాడా. నేర్చుకున్నవారు సంతోషంగా జవాబు చెబుతారు. రెండు రోజుల తరగతితో నేను నిపుణుణ్ణి అయిపోలేదు. విరిగిన పంటిని నిలబెట్టే రూట్ కెనాల్ లాంటివి వస్తే ఇంకా పై శిక్షణ ఉన్నవారి దగ్గరికే పంపుతాను.

పోయిన సంచిక చూసి మైసూరు నుంచి ఒక పాఠకురాలు రాశారు: మా కుక్కకి పదమూడేళ్ళు, ఈ వయసులో మత్తు తట్టుకుంటుందా అని. అమ్మా, వయసు జబ్బు కాదు. గుండె, మూత్రపిండాలు, కాలేయం ఎలా ఉన్నాయన్నది ముఖ్యం. ముందు రక్తపరీక్ష చేయించి, గుండె చూపించండి. అవి బాగుంటే పదమూడేళ్ళ కుక్కకీ మత్తు ఇవ్వొచ్చు, ఒళ్ళు చల్లబడకుండా వెచ్చగా ఉంచి, రక్తపోటు చూసుకుంటూ. ఆ రిపోర్టులు వచ్చాక నాకు ఒక నకలు పంపండి.