పత్తి ఇంకను పండుచుండగనే

మహదేవపూర్ మండల రైతు సోదరులకు, గ్రామసభల పెద్దలకు విన్నపము.

పాత సాగును విడిచి క్రొత్తదానిని చేపట్టుటకు అదను ఎప్పుడని అడిగినచో, పాతది పూర్తిగా చెడిన పిమ్మటనే యని మనలో చాలమంది చెప్పుదురు. కాని చెడిన పిమ్మట చేత పెట్టుబడి యుండదు, అప్పిచ్చినవానికి ఓర్పుండదు, కావున ఆ నిర్ణయము మనది గాక షావుకారిదగును.

పత్తి సంగతియే చూడుడు. 2002లో బీటీ విత్తనమునకు అనుమతి లభించినంతట కాయతొలుచు పురుగు బెడద తగ్గి, మందుల ఖర్చు మిగులగా, మనవారు మెట్టపైరులను విడిచి దానివెంట నడచిరి. అది తప్పు కాదు. 2006లో రెండవ జన్యువును చేర్చిన విత్తనము వచ్చినది. గులాబిరంగు పురుగు ఆ రెంటిని తట్టుకొను శక్తిని సంపాదించినందున నేడు మరల పిచికారి తప్పుటలేదు. ఎరువు, మందు పెంచినను దిగుబడి పెరుగకుండుటయే సాగు ముదిరినదనుటకు గుర్తు. ధర పడుట గుర్తు కాదు, అది ఒక యేడు పడి మరొక యేడు లేచును. మిర్చికి మారుదమన్నవారికి 2021లో నల్ల తామరపురుగు బదులు చెప్పినది.

నేను కోరునది దసలి. నల్లమద్ది ఆకు మేసి పట్టుకాయ కట్టు పురుగును పెంచుట గాని, ఆ నూలును మగ్గముపై నేయుట గాని ఇచటివారికి క్రొత్తగా నేర్పనక్కరలేదు. దానిని అడవినుండి సాగునేలకు తెచ్చుటయే క్రొత్త. మద్దిమొక్క పురుగును మోయునంత ఎదుగుటకు నాలుగైదేండ్లు పట్టును. ఆ ఏండ్లు ఇల్లు గడుపవలసినది పత్తియే.

అయితే ఎవరికి వారు తమ గట్లపై నాటిన ప్రయోజనము లేదు. దసలి పురుగు ఆరుబయట చెట్టుపై పెరుగును. ప్రక్క చేనిలో కొట్టిన మందు గాలికి ఆకుపై పడెనా, పురుగు చచ్చును. కావున ప్రతి గ్రామసభయు ఈ వేసవిలోనే పత్తిచేలకు దూరముగా ఒక నేలను నిర్ణయించి, తొలకరికి తోట నాటించి, పత్తి రాబడిలో కొంత ఏటేట దానికై తీయవలయును. పెబ్రిన్ తెగులు తల్లి రెక్కపురుగునుండి గుడ్డుకు సంక్రమించును గనుక, సూక్ష్మదర్శినితో పరీక్షించిన గుడ్లనే ఇయ్యవలెనని పట్టుపరిశ్రమ శాఖను తీర్మానపూర్వకముగ అడుగవలయును. కాయ చేతికి వచ్చిన మూడవ యేట లెక్క చూచి, కూలియైనను గిట్టనిచో తోటను తీసివేయుటకు వెనుదీయరాదు. ఆ గడువును కూడ తీర్మానములోనే వ్రాసికొనవలయును.