పులి కనిపించలేదు, పురుగు కనిపించింది

పోయిన వానాకాలం అమ్రాబాద్ వెళ్లాం. ఫర్హాబాద్ సఫారీలో పులి కనిపించలేదని మావాళ్లంతా డల్ అయిపోయారు. నాకు మాత్రం మన్ననూర్ దగ్గర నేలమీద పరుగెడుతూ ఒక నల్ల పురుగు కనిపించింది. బొటనవేలంత ఉంది, ఒంటిమీద ఆరు తెల్లచుక్కలు. ఫోన్‌లో వెతికితే ఆంథియా సెక్స్‌గుట్టాటా అని తేలింది. 1775లోనే ఫాబ్రిషియస్ పెట్టిన పేరు. ఇది ఎగరదు. పరుగెత్తి వేరే పురుగుల్ని పట్టి తింటుంది. కెలికితే ఫార్మిక్ యాసిడ్ చిమ్ముతుంది, చీమ కుట్టినప్పుడు మండుతుందే, అదే. అంటే ఇదీ వేటాడే జంతువే కదా!

2019లో యురేనియం తవ్వకాలు వద్దని అందరూ స్టేటస్‌లు పెట్టినప్పుడు ఎక్కడ చూసినా పులి బొమ్మే. పులైనా నడిచి ఇంకో అడవికి పోతుందేమో. ఎగరలేని ఇది ఎక్కడికి పోతుంది? తవ్వితే ముందు పోయేది దీని నేలే.

గైడ్‌ని దీని పేరడిగితే "పురుగే తమ్మీ" అన్నాడు. చెంచు పెద్దవాళ్లు దీన్ని ఏదో ఒక పేరుతో పిలుస్తూనే ఉంటారు. ఈసారి వెళ్తే అదే అడుగుతా.