నాలుగో షిఫ్టు
జంషెడ్‌పూర్ బిష్టుపూర్ రామమందిరంలో మొన్న నా పక్కన కూర్చున్న కుర్రాడు, ప్లాంటులో హెల్మెట్ పెట్టీ పెట్టీ జుట్టు పోయిందని వాపోయాడు. మళ్లీ మొలవడానికి కొన్నదీ హెల్మెట్టే, లేజర్‌ది! నవ్వొచ్చింది. ఆ బట్టతల హెల్మెట్ ఇచ్చింది కాదు బాబూ, తాతలిచ్చింది. లేజర్‌ని నేను కొట్టిపారేయను. 1967లో బుడాపెస్ట్‌లో ఎండ్రె మెస్టర్ అనే వైద్యుడు గొరిగిన ఎలుకల మీద ఆ కాంతి ప్రసరింపజేస్తే బొచ్చు త్వరగా మొలిచింది. 2007లో లేజర్ దువ్వెనకు అమెరికా ఎఫ్‌డీఏ అనుమతీ దొరికింది. నా పేచీ వేరు. సన్నబడ్డ వెంట్రుకకే అది ఊతం, నున్నబడ్డ నెత్తికి కాదు. పైగా వారానికి మూడుసార్లు పెట్టుకుంటూనే ఉండాలి, మానేస్తే మళ్లీ రాలుడే. ఏ, బీ, సీ షిఫ్టులు చేసేవాడికి ఇది నాలుగోది, ఓవర్‌టైమ్ కూడా రాదు. వచ్చే నెల తిరుమల మొక్కుందట. గుండు కొట్టించుకోవాలా వద్దా అని నన్నే అడిగాడు.