బానెట్ కింద సంగతి మనకెందుకా?

మా కారు వేడెక్కి నడిరోడ్డు మీద ఆగిపోయినప్పుడు మెకానిక్ నాతో ఒక్క ముక్క చెప్పలేదు. "సార్‌ని పంపించండమ్మా, ఆయనకి చెప్తా" అన్నాడు. రోజూ పిల్లల్ని స్కూలుకీ, అత్తయ్యగారిని డయాలసిస్‌కీ తిప్పేది నేను. మా వారు నడిపేది ఆదివారాలే!

సరే, ఆయన వెళ్లారు. తుప్పు తినేసిందని రేడియేటర్ మార్చారు. ఏడాది తిరక్కుండానే కొత్తదీ కారడం మొదలైంది. "అసలెందుకు తింటోంది?" అనడిగితే, "అవన్నీ మీకెందుకమ్మా" అన్నాడు. దారిలో ఆగిపోతే అత్తయ్యగారి పక్కన కూర్చునేది నేనాయె, నాకు కాక ఎవరికి?

బోరు నీళ్లు కాచిన గిన్నెకి తెల్లగా పెచ్చు కట్టడం మనం చూడనిదా? రేడియేటర్ గొట్టాల్లోనూ అంతే. పైగా మా కారులో ఇంజిన్ ఇనుము, రేడియేటర్ అల్యూమినియం. ఒకే నీళ్లలో రెండు లోహాలుంటే ఒకటి రెండోదాన్ని తినేయిస్తుంది. కూలెంట్‌లోని మందులు దాన్ని అడ్డుకుంటాయి. నీళ్లేగా అని సీసాలకొద్దీ బోరు నీళ్లు పోసి ఆ మందుని పలచన చేసింది మాత్రం నేనే. ఒప్పుకోవాలి మరి.

ఇంజిన్ పూర్తిగా చల్లారాకే, పొద్దున్నే మూత తీశాను. వేడి మీద తీస్తే ఆవిరి దిగని కుక్కర్ మూత తీసినట్టే, మొహం కాలుతుంది. నీళ్లు ఇటుక రంగులో ఉన్నాయి, అంటే తుప్పే. పైన నూనె తేలుతూ పాలకాఫీలా ఉంటే అది వేరే జబ్బు.

మావాడి మల్టీమీటర్ తెచ్చి, నల్ల తీగ బ్యాటరీ మైనస్‌కి ఆనించి, ఎర్ర తీగ కొసని లోహానికి తగలకుండా కూలెంట్‌లో ముంచాను. 0.3 వోల్టు దాటితే కూలెంట్ సత్తువ పోయిందనుకోవచ్చు. మాది 0.4 చూపించింది. స్టార్ట్ చేసి ఏసీ వేశాను. ఫ్యాన్ తిరగ్గానే 0.8కి ఎగిరింది! అంటే ఎక్కడో ఎర్త్ సరిగ్గా లేక, కరెంటు కూలెంట్ గుండా దారి వెతుక్కుంటోందన్నమాట. ఇలాగే వదిలేస్తే ఎన్ని రేడియేటర్లు మార్చినా ఒకటే.

ఆ అంకెలు కాగితం మీద రాసుకుని నేనే వెళ్లాను. వదులైన ఎర్త్ వైరు విప్పి, గీకి, బిగించారు. లోపలంతా కడిగి, డిస్టిల్డ్ వాటర్‌తో కలిపిన కొత్త కూలెంట్ పోశారు. తీసిన పాతది బేసిన్‌లో వదిలేయబోతే మూత పెట్టించాను. తియ్యగా ఉండే విషమది, కుక్కలు తాగేస్తాయి.

ఇప్పుడు నెలకోసారి మీటర్ పెట్టి చూసుకుంటున్నాను. సర్వీసింగ్ తేదీ వస్తే మెకానిక్ ఫోన్ మాత్రం ఇప్పటికీ మా వారికే వస్తుంది.