సంతకానికి ముందు ఒక్క రోజు అడుగుదాం



హాస్టల్ సీటు రానోళ్లు, కోర్సు అయిపోయి ఖాళీ చేసేటోళ్లు ఇప్పుడు ఇబ్రహీంపట్నం, శేరిగూడ, మంగల్‌పల్లి దిక్కు రూములు వెతుకుతున్నారు. రూమ్ దొరికితే చాలని ఓనర్ చూపించిన కాడ సంతకం పెట్టేస్తున్నాం. అగ్రిమెంట్ ఎక్కువగా ఇంగ్లీషులనే ఉంటది. ఇంటికి ఫోన్ చేస్తే చదివి చెప్పేటోళ్లు మనకు లేరు. కాబట్టి మనమే చదవాలి.

11 నెలలు అని ఎందుకు రాస్తారు? రిజిస్ట్రేషన్ ఖర్చు తప్పించుకుందామని. అది మామూలే. దెబ్బ కొట్టేవి వేరే ఉన్నాయి.

ఒకటి, లాకిన్. ఆరు నెలలు అని ఉంటే, మధ్యలో ఇంటర్న్‌షిప్ వచ్చి పోయినా మిగతా కిరాయి అడుగుతారు, లేదా అడ్వాన్స్ పట్టుకుంటారు.

రెండు, "జాయింట్లీ అండ్ సెవరల్లీ". నలుగురం సంతకం పెట్టి ముగ్గురు వెళ్లిపోతే, మొత్తం కిరాయి మిగిలిన ఒక్కరినే అడగొచ్చు. ఈ మాట లేకున్నా, వేరేగా రాసుకోకపోతే 1872 కాంట్రాక్టు చట్టం సెక్షన్ 43 అదే చెప్తది.

మూడు, పెయింటింగ్ కటింగ్. వాడకంలో సహజంగా అయ్యే అరుగుదల కిరాయిదారు మీద పడదని 1882 ఆస్తి బదిలీ చట్టంలో ఉంది. కానీ వేరే ఒప్పందం లేకపోతేనే. "నెల కిరాయి కట్" అన్న లైన్ కింద సంతకం పెడితే మనమే ఒప్పుకున్నట్టు.

"ఇవన్నీ అడిగితే రూమ్ ఇయ్యరు" అంటారు. ముందు కులం అడిగి, తర్వాత రూమ్ లేదనేటోళ్లు ఉన్న ఊర్ల ఆ భయం ఉత్తది కాదు. కానీ చదవలేని కాగితాల మీద వేలిముద్రలు వేసి మన పెద్దోళ్లు ఎంత భూమి పోగొట్టుకున్నారో మనకు తెలుసు. ఏజెన్సీ భూములకు 1/70 వచ్చింది. పట్నం రూమ్‌కు అది వర్తించదు. ఇక్కడ మన చదువే మనకు కాపలా.

అందుకే మా మాట ఇది: కాపీ తీసుకొని ఒక్క రోజు టైమ్ అడుగుదాం. సీనియర్లతో కూర్చొని చదువుదాం. అడ్వాన్స్ ఎన్ని రోజుల్లో తిరిగిస్తారో, కరెంటు యూనిట్‌కు ఎంతో రాయించుకుందాం. డబ్బు ఫోన్‌లో పంపుదాం, చేతికిస్తే రసీదు తీసుకుందాం. గొడవైతే, 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. నంబర్ 15100.

ఓనర్‌ను గౌరవిద్దాం. కానీ చదవకుండా సంతకం పెట్టడం గౌరవం కాదు.