కన్ను కోరు దూరము

సెల్‌ఫోను పిల్లల కన్నులను పాడుచేయుచున్నదను మాట నేడు ఇంటింట వినబడుచున్నది. పెద్దలు ఆ తెరను లాగికొని, అదే చేతిలో పుస్తకము నుంచి నిశ్చింతులగుచున్నారు. కాని కన్ను ముందుగా లెక్కించునది కాగితమా తెరయా యని కాదు, దూరమెంత యని.

హ్రస్వదృష్టి గలవారి కనుగ్రుడ్డు సాధారణముగా కొంత పొడవై యుండును. అందుచే దూరవస్తువుల ప్రతిబింబము రెటీనాకు ముందే ఏర్పడి, నల్లబల్ల మీది అక్షరము మసకబారును. పుటాకార కటకము దానిని సరిదిద్దును. ఈ మర్మమును కెప్లరు 1604లోనే వివరించెను. మైనస్ మూడు సులోచనములు గల విద్యార్థి వానిని తీసివేసినచో, సుమారు 33 సెంటీమీటర్ల దూరమందలి అక్షరమును శ్రమలేకయే చదువగలడు. ధరించి చదివినచో, అందరికివలెనే కంటిలోని సిలియరీ కండరము బిగిసి కటకమును ఉబ్బింపవలెను. పుస్తకము 40 సెంటీమీటర్ల దూరమున నున్న ఆ శ్రమ దాదాపు రెండున్నర డయాప్టర్లు; ఫోను 20 సెంటీమీటర్లకు వచ్చిన అది ఐదు. దూరము సగమైన శ్రమ రెట్టింపు.

తెర నిర్దోషి యని నా వాదము కాదు. దానిని చూచునపుడు రెప్పపాటు తగ్గి కన్ను పొడిబారును. పైగా పుస్తకమునకు అధ్యాయాంతము కలదు. తెరకు అంతము లేదు. అయినను, ముక్కునకు ఆనించి గంటలకొలది చదివిన పుస్తకమును మాత్రము మెచ్చుకొనుట న్యాయమా?

చైనాలోని గ్వాంగ్‌జౌ నగరమున 12 పాఠశాలలలో జరిగి 2015లో ప్రకటితమైన పరిశోధన మనకు పాఠము. సగము పాఠశాలలలో ఒకటవ తరగతి పిల్లలకు దినమునకు 40 నిమిషముల ఆరుబయటి తరగతి అదనముగా చేర్చిరి. మూడేండ్లలో క్రొత్తగా హ్రస్వదృష్టి కలిగినవారు అచ్చట నూటికి 30.4, తక్కిన పాఠశాలలలో 39.5. వచ్చిన దోషమును వెలుతురు పోగొట్టదు. కాని రాకుండ కొంత ఆపగలదు. అట్టి ఆటల గంటను మనము పరీక్షల పేర లెక్కల గంటకు అప్పగించుచున్నాము!

అద్దములు పెట్టిన నంబరు పెరుగునను భయమొకటి, ఆడపిల్లకు సంబంధములు రావను భయమొకటి మన ఇండ్ల కలవు. మలేషియాలో పిల్లలపై జరిగి 2002లో వెలువడిన పరిశోధనలో, తక్కువ శక్తి గల అద్దములు ధరించినవారికే దోషము ఎక్కువ వేగముగా పెరిగినది. రెండవ భయమునకు వైద్యము లేదు. పెద్దల వివేకమే మందు.

ఉపాధ్యాయులారా! వెనుక బల్లపై కన్నులు చికిలించు బాలుని మందమతి యనకముందు, నల్లబల్ల వానికి కనబడుచున్నదో లేదో అడుగుడు. విద్యార్థులారా! పుస్తకమైనను తెరయైనను మూరెడు దూరమున నుంచుడు. నడుమ నడుమ తలయెత్తి కిటికీ ఆవలి చెట్టును చూడుడు. సాయంకాలపు గంట మైదానమునకే చెందవలెను. దానిని అడుగుటకు జంకవలదు.